మట్టం తప్పని విమానం

గుడియాత్తంలో కౌండిన్య ఏటి ఇసుకలో ఒకప్పుడు విమానం కూలిందని చెప్పుకునేవారు ఇప్పటికీ ఉన్నారు. మొన్న వేలూరు బస్సులో నా పక్కన కూర్చున్న పెద్దమనిషి, నేనెవరో తెలియక, ఆ కథ నాకే చెప్పాడు. ఇంజను అంటుకుందన్నాడు. నడిపేవాడు పైనుంచి దూకాడన్నాడు. పల్లికొండ దాటేవరకు ఓర్చుకుని, ఆ తర్వాత ఆయనకు రెండు సంగతులు చెప్పాను. మొదటిది, ఆ విమానం కూలలేదు. రెండవది, కూలాలంటే అది ముందు లేవవలసి ఉంటుంది. ఆయన నన్ను కిందినుంచి పైదాకా ఒకసారి చూసి, కిటికీ వైపు తిరిగి నిద్ర నటించాడు.

జరిగినదాన్ని జరిగినట్టు చెబితే వినేవాడు లేకపోవడం నాకు చిన్ననాటి నుంచీ పడని విషయం. ఆ రోజుల కంప్యూటరు ఉత్తరాలన్నీ అచ్చుతీయించి వరుసగా కట్టలు కట్టి ఉంచాను. వాటిని ముందు పెట్టుకునే ఇది రాస్తున్నాను.

నేను వేలూరులో ఒక ప్రభుత్వ కార్యాలయంలో గుమాస్తాగా చేరి సూపరింటెండెంటుగా పదవీ విరమణ చేసినవాణ్ణి. నా భార్య పుట్టిల్లు గుడియాత్తం. ఆమె తమ్ముడు అక్కడ ఇళ్ళు కట్టే మేస్త్రీ. వాళ్ళ తాత ముత్తాతలు కూడా ఇళ్ళు కట్టినవారే. ఆ ఇంట్లో అందరూ మాటలాడేది తెలుగే, చదవడం మాత్రం ఎవరికీ రాదు. నాకు మా నాయన పలక మీద దిద్దించాడు కనుక వచ్చింది. మా బావమరిది తమిళం తడుముకుంటూ చదువుతాడు, ఇంగ్లీషు అక్షరం ఎరగడు. కానీ దారం పట్టి, గుండు వేలాడదీసి, రసమట్టం పెట్టి గోడ నిలబెట్టాడంటే ఆ గోడకు ఎవరూ వంక పెట్టలేరు. రసమట్టం అంటే గాజుగొట్టంలో గాలిబుడగ ఉండే మట్టపు కర్ర. ఆ బుడగ నడుమ నిలిస్తేనే వాడికి అన్నం సయిస్తుంది.

ఆ ఏళ్ళలో ఊళ్ళోకి కొత్త డబ్బుతో పాటు కొత్త కోరికలు కూడా వచ్చాయి. గల్ఫు నుంచి తిరిగివచ్చిన ఒక ఆసామి, తన కొత్త మిద్దె మీద నీళ్ళ తొట్టిని విమానం ఆకారంలో కట్టమని మా వాణ్ణి అడిగాడు. వాడు సిమెంటుతో ముక్కు, తోక, కిటికీలు అన్నీ తీర్చి కట్టాడు. చుట్టుపక్కల ఊళ్ళవాళ్ళు వచ్చి మెడలు ఎత్తి చూశారు. ఆ పొగడ్త వాడి తలకెక్కింది. ఒకరోజు వేలూరు వచ్చి, మా ఇంటి అరుగు మీద కూర్చుని, మజ్జిగ తాగి, నెమ్మదిగా మొదలుపెట్టాడు.

"నీళ్ళు మోసేదాన్ని కట్టినాను బావా. మనిషిని మోసేదాన్ని కట్టలేనా?"

"నీళ్ళు మోసేది మిద్దె మీద కదలకుండా కూర్చోనుంటాదప్పా. ఇది కదలాల."

"కదిలేదానికి చక్రాలు పెడతాం. దానికేముండాది?"

"కదిలితే చాలదు, లేవాల."

"అది ఎట్లనో నువ్వు ఇంగ్లీషులో విచారించి చెప్పు. మిగతాది నేను చూసుకుంటా."

మేడమెట్లు ఏ వైపు పెట్టాలో కనుక్కురమ్మన్నట్టుగా చెప్పి వెళ్ళిపోయాడు.

వేలూరులో పెద్దాసుపత్రి ఎదుటి వీధుల్లో, ఉత్తరాది రోగుల బంధువుల కోసం లాడ్జీలు వెలిసినట్టే, అప్పుడప్పుడే బ్రౌజింగ్ సెంటర్లు వెలుస్తున్నాయి. ప్లైవుడ్డు గదులు, పరదాలు, ఒక్కొక్క గదిలో ఒక కంప్యూటరు. ఒక పక్క గదిలో ఎవరో బెంగాలీలో ఏడుస్తూ ఊరికి వార్త రాస్తుంటే, ఈ పక్క గదిలో నేను విమానం కట్టడం ఎలాగని విచారించాను. అలా విచారిస్తుండగా దొరికింది ఒక సంఘం. ఇళ్ళలో సొంతంగా విమానాలు కట్టుకునేవారు, కట్టి ఎగిరేవారు, ప్రపంచం నలుమూలల నుంచీ కంప్యూటరులోనే అక్కడ చేరి ఒకరికొకరు ఉత్తరాలు రాసుకుంటారు. ఒకడు కారుషెడ్డులో కడుతున్నాడు, ఒకడు ఆవుల కొట్టంలో. ఒకాయన, భార్య ఒప్పుకోక, రెక్కను పడకగదిలో మంచం కింద దాచి అతికిస్తున్నాడు. వారం వారం ఎవరెంత కట్టారో చెప్పుకోవడం అక్కడి ఆచారం.

ఆ ఆచారం నాకు నచ్చింది. అక్కడి పేర్లు మాత్రం నచ్చలేదు. తలలు నెరిసిన మనుషులు కొంగ అనీ, తుమ్మెద అనీ మారుపేర్లతో సంతకాలు చేయడమేమిటి? నేను మొదటి ఉత్తరం నుంచే నా ఇంటిపేరు, నా పేరు, చదువు, విరమించిన హోదా, అన్నీ రాసి సంతకం చేశాను. వాళ్ళు అదంతా కలిపి ఒక మారుపేరనుకున్నారు. "మీ చమత్కారం బాగుంది" అని ఒకడు రాశాడు. చమత్కారం కాదని ఒక పేజీ జవాబు రాశాను. అది ఇంకా బాగుందన్నాడు.

ఈ సంగతి మా ఇంట్లో తెలియడానికి ఎక్కువకాలం పట్టలేదు. తమ్ముడు పుట్టిన ఏడాదే తల్లి పోతే, వాణ్ణి చంకన వేసుకుని పెంచినది నా భార్యే. ఆమె ఆ రోజు వంటింట్లో నుంచి వచ్చి, చేతులు కూడా తుడుచుకోకుండా నా ఎదుట నిలబడింది.

"ఏమండి, వాణ్ణి కట్టుకోనీండి. కట్టేది వాని చేతి పని, వద్దంటే వినడు. ఎక్కేది మాత్రం కాదు."

"చూస్తాంలే."

"చూసేది కాదు. వాడు దాంట్లో ఎక్కి లేచేది లేదని నాకు మాటియ్యండి."

"నేను రాయసం చేసేవాణ్ణి. వాడు నా మాట వింటాడా?"

"మీరు రాసేదాన్నిబట్టే కదా వాడు ఆడేది. మీరే నిలపాల."

మాట ఇచ్చాను. ఇచ్చిన తర్వాత దాన్ని నిలబెట్టుకునే మార్గం కోసం సంఘం నియమావళి అంతా రెండుసార్లు చదివాను. ఒకటి దొరికింది. కొత్తగా కట్టిన విమానాన్ని, కట్టినవాడు ఎక్కేముందు, సంఘంలోని మరొక సభ్యుడు స్వయంగా వచ్చి, కళ్ళారా చూసి, బాగుందని సంఘానికి రాయాలి. అది చట్టం కాదు, పెద్దమనుషుల ఒప్పందం. నాకు అదే చాలు. ప్రభుత్వానికి అనుమతి కోరుతూ నేను రాసిన ఉత్తరానికి జవాబు రాలేదు. రాలేదు కనుక ఒప్పుకున్నట్టే అని మా బావమరిది వాదన, ఒప్పుకోనట్టే అని నాది. కానీ ఈ నియమం దగ్గర వాదన లేదు. కట్టడం పూర్తికాగానే ఇంజనీరు వచ్చి చూసే పద్ధతి వాడికి అలవాటే.

"సరే బావా. ఆయనెవరో వచ్చి చూసినంక ఎక్కుతా. మన కులదేవత మీద ఒట్టు" అన్నాడు.

ఆ సభ్యుడు ఏ ఆస్ట్రేలియా నుంచో గుడియాత్తం రావాలి. రాడు. నా భార్యకూ ఆ మాటే చెప్పి, ఆ రాత్రి హాయిగా నిద్రపోయాను.

కట్టడం ఏటి ఒడ్డున ఒక తాటాకు పందిట్లో మొదలైంది. సంఘం సభ్యుడొకరి నుంచి విమానం కొలతల పటాలు తెప్పించాను. అంగుళాలను నేను తెలుగులో చదివి చెబితే వాడు చెక్క మీద బొగ్గుతో గీసుకునేవాడు. ఇంజను పాత కారుది, రాణిపేట పక్క ఇనుప సామాన్ల అంగట్లో దొరికింది. ముందర తిరిగే చెక్క పంకాను, వాకిళ్ళు చేసే వడ్రంగి టేకుతో చెక్కాడు. చెక్కినవాడు అలవాటు చొప్పున దాని నడుమ ఒక తామరపువ్వు కూడా చెక్కాడు. రెక్కల మీద పరవడానికి గట్టి నేత గుడ్డ కావాలని సంఘం చెప్పింది. గుడియాత్తంలో గట్టి నేత గుడ్డ అంటే లుంగీయే. పచ్చగళ్ళ లుంగీ తానును రెక్కలకు బిగించి, దాని మీద వార్నీషు పూశాడు. దూరం నుంచి చూస్తే ఎవరో పొడవాటి మనిషి పందిట్లో పడుకున్నట్టుండేది.

ఫోటోలు తీయించి, బ్రౌజింగ్ సెంటరులో వాటిని కంప్యూటరుకు ఎక్కించి పంపాను. గళ్ళ సంగతి ఎవరూ అడగలేదు. అందరూ తోక కింద వేలాడుతున్న వస్తువేమిటని అడిగారు. అది బూడిద గుమ్మడికాయ. కట్టే ఇంటికి దిష్టి తగలకుండా రాక్షసి మొహం గీసి కట్టడం మా వాళ్ళ పద్ధతి. వాళ్ళు దాన్ని తోక బరువు సరిచేసే పరికరం అనుకున్నారు. ఎంత తూకం, ఎంత దూరంలో కట్టాలి అని లెక్కలు వేశారు. అది పరికరం కాదని, చూపు పడకుండా కట్టేదని, నేను వివరంగా రాశాను. మంచుదేశంలో ఎక్కడో, వరసగా ఇంజను చెడిపోతూ విసిగిపోయిన ఒకాయన, తన షెడ్డులో ఒక గుమ్మడికాయ కట్టుకుని, ఇంజను వెంటనే అందుకుందని మరుసటి వారం రాశాడు. ఆ తర్వాత చాలామంది కట్టారు. ఏ రంగు మొహం మంచిదని నన్ను అడిగారు. సంఘంలో నాకు దక్కిన గౌరవమంతా ఈ గుమ్మడికాయ వల్లే దక్కింది. నేను శ్రమపడి రాసిన మిగతా ఉత్తరాలను ఎవరూ పట్టించుకోలేదని ఇప్పుడు ఆ కట్టలు తిరగేస్తే తెలుస్తోంది.

అసలు గొడవ రెక్కల దగ్గర వచ్చింది. పటంలో రెక్కలు మొదలు నుంచి కొసకు కొంచెం పైకి లేచి ఉండాలి. మా వాడు కట్టిన రెక్కలు ఈ కొస నుంచి ఆ కొసకు చెరువు నీళ్ళలా చదునుగా ఉన్నాయి. ఫోటో చూసి సంఘమంతా ఒక్కసారి లేచింది. అందరికంటే కటువుగా రాసినవాడు గద్ద అనే మారుపేరు గల సభ్యుడు. అతను అంతకుముందు కూడా నా ప్రతి ఉత్తరానికి తప్పులు పట్టేవాడు. ఆ ఇంగ్లీషు, ఆ అదలింపు చూసి, మబ్బు పట్టిన దేశంలో ఉన్ని కోటు వేసుకుని కూర్చున్న దొర అయి ఉంటాడనుకున్నాను. "ఆ ఏటవాలు లేకపోతే గాలిలో విమానం పక్కకు ఒరిగినప్పుడు తనంతట తాను సర్దుకోదు. ఇది కట్టినవాడికి కళ్ళున్నాయా?" అని రాశాడు.

ఆ మాట నేను గుడియాత్తం వెళ్ళి చెప్పాను. మా బావమరిది పటం ముందు గొంతుక్కూర్చుని చాలాసేపు చూశాడు.

"ఇది వాటం బావా" అన్నాడు చివరికి.

"వాటమంటే?"

"మిద్దె మీద వాననీళ్ళు నిలవకుండా ఒక పక్కకు వాలు పెడతామే, అది. రెక్క మీద నీళ్ళు నిలవకుండా లోపలికి వాలు పెట్టినారు. వాళ్ళ ఊళ్ళలో ఎప్పుడూ వానంట కదా, వాళ్ళకి కావాల. మనం ఎగరేది మాఘంలో. మాఘంలో వాన యాడ ఉండాది?"

"నీళ్ళకి కాదంటా ఉండారప్పా. ఒరిగితే సర్దుకునేదానికంట."

"నేను కట్టింది ఎందుకు ఒరుగుతాది? ఎన్ని ఇండ్లు కట్టినాను, ఒకటైనా ఒరిగిందా చెప్పు. రెక్క వంకరగా పెడితే చూసినోళ్ళు ఏమంటారు? మేస్త్రీకి మట్టం తెలీదంటారు. నా తలకాయ యాడ పెట్టుకునేది?"

రసమట్టం తెచ్చి రెక్క మీద పెట్టాడు. బుడగ నడుమకు వచ్చి కదలకుండా నిలిచింది. అది చూసి నేను పటం చుట్టేశాను.

మరుసటి రోజు వేలూరులో ఆ ప్లైవుడ్డు గదిలో కూర్చుని, గద్దకు ఘాటైన జవాబు రాశాను. తరతరాలుగా మట్టం తప్పని వంశాన్ని పట్టుకుని కళ్ళున్నాయా అని అడగడానికి ఆయనెవరని ప్రశ్నించాను. విమానం లేవకూడదని ఇంట్లో మాట ఇచ్చినవాణ్ణి, ఆ విమానం రెక్కల కోసం ప్రపంచంతో పోట్లాడుతున్నానని నాకు తెలుసు. తెలిసినా, ఇంటివాణ్ణి బయటివాడు అంటే ఊరుకోవడం మా పద్ధతి కాదు. ఉత్తరం చివర, గర్వంగా, ఒక వాక్యం చేర్చాను. మన సంఘం నియమం ప్రకారం ఎవరైనా స్వయంగా గుడియాత్తం వచ్చి చూసేవరకు ఈ విమానం ఎగరదు, ఇంత దూరం వచ్చే సాహసం మీలో ఎవరికీ ఉన్నట్టు లేదు, కనుక ఈ చర్చ ముగిసింది అని.

రెండు రోజుల తర్వాత గద్ద జవాబు వచ్చింది. "ఊరి పేరు ఇంతవరకు మీరు రాయలేదు. నేనుండేది తిరుపత్తూరు. ఆదివారం వస్తాను. భోజనంలో వెల్లుల్లి వేయించవద్దు."

నేను ఆ తెర ముందు ఎంతసేపు కూర్చున్నానో తెలియదు. సెంటరు యజమాని వచ్చి, పరదా తొలగించి, ఒంట్లో బాగుందా సార్ అని అడిగాడు.

ఇంటికి వచ్చి చెప్పగానే నా భార్య అడిగిన మొదటి ప్రశ్న, "ఆస్ట్రేలియా అన్నారే?"

"అనుకున్నాను."

"తిరుపత్తూరు నుంచి ఉదయం బస్సెక్కితే టిఫినుకు వచ్చేస్తారు" అంది. ఆదివారం నేను బయల్దేరేసరికి ఆమె చీర మార్చుకుని, క్యారియరు సర్దుకుని, నా కంటే ముందే వాకిట్లో ఉంది.

గద్ద అంబాసిడరు కారులో వచ్చాడు. తెల్ల పంచె, విభూతి, కారు తలుపుకు సరిపడని నడుము. తిరుపత్తూరులో చింతపండు మండీ నడిపే వర్తకుడు. వాళ్ళ ఇంట్లో కూడా తెలుగే. దిగుతూనే నన్ను చూసి చేతులు జోడించాడు.

"మీరేనా అంత పొడుగు పేరు? నేను సుమ్మా, ఊరికే వేళాకోళానికి పెట్టుకున్నారనుకున్నా."

"మీరేనా గద్ద?"

"పేరులో ఏముందయ్యా. రండి, చూద్దాం."

ఆయన ఇంతవరకు విమానం కట్టలేదని నడుస్తూనే తెలుసుకున్నాను. ఏ పటం మంచిదో ఎంచుకుంటున్నాడట, ఏళ్ళుగా. విమానంలో కూర్చున్నారా అంటే, మద్రాసులో ఒకసారి ఎదురుచూసే హాలులో కూర్చున్నాడట. అన్ని దేశాలవాళ్ళను అదలించినవాడు ఇతనే. నాకు ఒళ్ళు మండింది. కానీ నియమంలో సభ్యుడనే ఉంది, విమానం కట్టిన సభ్యుడని లేదు.

ఆయన పందిట్లో దాని చుట్టూ తిరిగాడు. లుంగీ గుడ్డను వేళ్ళతో నలిపి వాసన చూశాడు. చెక్క మీద వేలి కణుపుతో కొట్టి చెవి పెట్టాడు. చివరికి రెక్క దగ్గర ఆగాడు.

"అంత చెప్పినా మార్చలేదే. ఏటవాలు యాడప్పా?"

మా బావమరిది వాదించలేదు. రసమట్టం తీసి, తుండుతో తుడిచి, రెక్క మీద పెట్టాడు. వర్తకుడు వంగి చూశాడు. బుడగ నడుమకు చేరి నిలిచింది. ఆయన కళ్ళజోడు తీసి, తుడిచి, మళ్ళీ పెట్టుకుని చూశాడు. ఆ మనిషి బతుకంతా తక్కెడ ముందు గడిచింది. ముల్లు నడుమ నిలిస్తే న్యాయం, పక్కకు పోతే మోసం. ఇది తప్ప ఆయనకు వేరే శాస్త్రం లేదని ఆ మొహం చూస్తే తెలిసింది.

"నడిమధ్య నిలిచిందే" అన్నాడు మెల్లగా.

"ఈ రెక్క, ఆ రెక్క, రెండూ అంతే అన్నా."

"ఇట్ల నిలిచినదాన్ని చెడగొట్టమని ఎట్ల చెప్పేది? నేను ఫోటో చూసి రాసినా. కంటితో చూస్తే వేరే ఉండాది. నేను ఒప్పుకుంటా ఉండా. ఎక్కప్పా."

నేను కష్టపడి వెతికి పెట్టుకున్న అడ్డు అలా తొలగిపోయింది. బావమరిది మొహం వెలిగింది. తలపాగా బిగించాడు. నేను ఇంగ్లీషులో ఆయనకు ఆయన ఉత్తరాలే గుర్తుచేశాను. ఒరిగితే సర్దుకోదని మీరే కదా రాశారన్నాను. ఆయన తెలుగులో, రాసేది వేరే, చూసేది వేరే అన్నాడు.

నా భార్య తమ్ముడి చెయ్యి పట్టుకుంది.

"నువ్వే ఎక్కాలనేముందిరా నాయనా?"

"స్లాబు పోసినంక సెంట్రింగు విప్పేటప్పుడు దాని కింద ముందు నిలబడేది ఎవరక్కా? మేస్త్రీ కదా. కట్టినోడు నిలబడకుంటే పక్కోడు ఎట్ల నమ్ముతాడు? ఎవరో ఒకరు ముందు నిలబడాల. అది నేనే."

ఆమె తమ్ముడి చెయ్యి వదిలి, కొంగు భుజం మీద సర్దుకుని, వర్తకుడి వైపు తిరిగింది.

"అన్నా, ఒక మాట. మీరు చింతపండు మూట కొనేటప్పుడు గోనె చూసి కొంటారా?"

"గోనె చూసి కొనేవాడు మండీ ముయ్యాలమ్మా. చెయ్యి లోపలికి పెట్టి, అడుగునుంచి తీసి చూడాల."

"మరి దీన్ని గోనె మాత్రమే చూసినారే. లోపల కూర్చోకనే బాగుండాదని రాస్తే, ఆ దేశాలోళ్ళు మిమ్మల్ని ఏమనుకుంటారు?"

వర్తకుడు విమానాన్ని చూశాడు. ఆయన ఏళ్ళ తరబడి పటాలు ఎంచుకుంటున్నది ఎందుకో ఆ ఒక్క చూపులో కనబడింది. పంచె ఎగగట్టి, చెప్పులు విడిచి, గుడిలోకి పోయినట్టు కుడికాలు ముందు పెట్టి ఎక్కాడు. విమానంలో ఉన్నది ఒకే ఆసనం. ఆయన నడుము అందులో దిగబడి, రెండు పక్కలా చెక్కకు ఆనుకుంది.

"సరిపోయినారు" అంది నా భార్య, చీరకు కొలత చూసినట్టుగా.

"చూసినారు కదన్నా, దిగండి. నేను ఎక్కాల" అన్నాడు బావమరిది.

"ఇంజను ఆడేటప్పుడు కదా అదురు తెలిసేది. తిప్పు."

"వద్దన్నా, దిగండి."

"దిగేదానికి అయ్యేట్టు లేదప్పా. ఇరుక్కోనుండాను. తిప్పు, అదిరితే వదులవుతాది."

నలుగురు కూలీలు విమానాన్ని ఇసుకలోకి నెట్టారు. చక్రాలకు అడ్డం ఇటుకలు పెట్టారు. మా వాడు గొణుక్కుంటూనే పోయి తామరపువ్వు ఉన్న పంకాను చేత్తో తిప్పాడు. ఇంజను దగ్గి, మళ్ళీ దగ్గి, అందుకుంది. వర్తకుడు ఏ కడ్డీ లాగాడో ఆయనకే తెలియదు. ఇటుకలు ఇసుకలోకి దిగిపోయాయి. మా వాడు పక్కకు దూకాడు. విమానం వాడి ముందునుంచి, పచ్చగళ్ళ రెక్కలు చాచుకుని, ఏటి నడుమన సాగిపోయింది.

చాకళ్ళు ఆరవేసిన పంచెలు గాలికి లేచాయి. పంచెలు లేచాయి, విమానం లేవలేదు. ఆ రెండింటినీ ఒకేసారి చూసినవాణ్ణి కనుక రూఢిగా చెప్పగలను. బావమరిది వెనక పరుగెత్తుతూ, "లాగినదాన్ని వదలన్నా, వదులు" అని అరిచాడు. నా భార్య ఒడ్డున నిలబడి, పరుగెత్తే తమ్ముడి కాళ్ళను తప్ప మరిదేన్నీ చూడలేదు. విమానం చాలా దూరం పోయి, జమ్ము మొలిచిన తడి ఇసుకలో దిగబడి, ఆవు పడుకున్నట్టు నెమ్మదిగా ఆగింది. గుమ్మడికాయ ఊడిపడి పగిలింది.

మేము చేరేసరికి వర్తకుడు మొహం నిండా బురదతో నవ్వుతున్నాడు. అదురుకు నిజంగానే వదులై, తానే దిగాడు.

"లేచినా" అన్నాడు.

"లేవలేదు" అన్నాను.

"నా కడుపులో తెలిసిందయ్యా. మీకెట్ల తెలుస్తాది?"

నేను వెనక్కి నడిచి చక్రాల జాడలను మొదటినుంచి చివరిదాకా చూసుకుంటూ వచ్చాను. ఎక్కడా తెగలేదు. ఒకచోట ఎద్దులబండి జాడ అడ్డంగా దాటింది. అదే తాను లేచిన చోటు అన్నాడాయన. దీని మీద మేము ఇద్దరం ఎండలో నిలబడి చాలాసేపు వాదించుకున్నాం. ఆయన తర్వాత సంఘానికి లేచాననే రాశాడు. సంఘమంతా ఆయనను అభినందించింది. నేను రాసిన ఖండనను చూసి, మీ చమత్కారానికి జోడు లేదన్నారు.

మేము వాదించుకుంటుండగా మా బావమరిది రసమట్టం తెచ్చి, బురదలో మోకాళ్ళ మీద కూర్చుని, రెక్క మీద పెట్టి చూశాడు. ఒక చక్రం దిగబడినందున ఆ పక్క ఇటుక పెట్టించి, మళ్ళీ చూశాడు. తర్వాత లేచి మోకాళ్ళు దులుపుకున్నాడు.

"చూడు బావా. అంత దూరం ఎగిరెగిరి పడినా మట్టం తప్పలా."

ఇక వాడు ఎక్కుతాడనుకున్నాను. ముందుకు వచ్చి అడిగింది నా భార్య.

"ఏమిరా, ఇప్పుడు నువ్వు ఎక్కుతావా?"

వాడు ఆమెను విచిత్రంగా చూశాడు.

"ఇంగ నేనెందుకక్కా? ముందు కూర్చోవాల్సినోళ్ళు కూర్చున్నారు. పడిపోలా. ఒకరు పాలు పొంగించిన ఇంట్లోకి మేస్త్రీ చాప తీసుకోని పోయి పడుకుంటాడా?"

"అంటే?"

"అంటే పని అయిపోయింది. అన్నకి ఇష్టమైతే తీసుకోని పోనీ."

అన్నకు ఇష్టమే. అంత ఇష్టాన్ని నేను ఆ వయసు మనిషి మొహంలో ఎప్పుడూ చూడలేదు. కారు నడిపేవాణ్ణి గుడియాత్తం బజారుకు పంపి, పంచె, కండువా, తమలపాకులు తెప్పించాడు. గృహప్రవేశం రోజు ఇంటి యజమాని మేస్త్రీకి ఇచ్చినట్టుగా, ఇత్తడి పళ్ళెం దొరక్క క్యారియరు మూతలో పెట్టి ఇచ్చాడు. మా వాడు వంగి అందుకున్నాడు. ఇచ్చిపుచ్చుకున్న మిగతా విషయాలు వాళ్ళిద్దరివి. రెక్కలు విప్పి చింతపండు లారీలో తిరుపత్తూరు తీసుకుపోవచ్చని మాట్లాడుకున్నారు. వర్తకుడు తోడుగా రమ్మంటే, వాడు రానన్నాడు. పేర్నాంబట్టులో మరుసటి రోజు స్లాబు పోయాలి.

పందిట్లో విస్తర్లు వేశారు. వెల్లుల్లి లేని సాంబారు. వర్తకుడు తాను లేచిన సంగతి కూలీలకు చేతులు తిప్పుతూ చెబుతున్నాడు. నేను జాడల సంగతి చెప్పబోతే ఎవరూ వినలేదు. కొత్త కండువా తలకు చుట్టుకుని, నేల మీద మఠం వేసుకుని కూర్చుని, బావమరిది కమ్మీల గురించీ, ఇసుక గురించీ నాతో మాట్లాడుతూ తిన్నాడు. చాలక్కా అన్నా వినకుండా నా భార్య వాడి విస్తరిలో మళ్ళీ అన్నం వడ్డించింది.